గాజు గోడలో నాచు ఎందుకు? ఎలా?

జర్మనీలోని హాంబర్గ్‌లో 2013లో ఒక భవనానికి 129 గాజు పలకలు బిగించి, వాటిలో నీళ్లు నింపి సూక్ష్మ నాచును పెంచారు. ఎండే దానికి వంటమంట!

నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని బుడగలుగా పంపుతారు. నాచు ఆ వాయువుతోనే ఒళ్లు పెంచుకుంటుంది. బుడగలు మరో మంచి పని కూడా చేస్తాయి: నాచు అడుగున పేరుకోకుండా కలియతిప్పుతాయి. లేకుంటే ఒకదాని నీడ ఇంకోదానిపై పడి పెరుగుదల తగ్గిపోతుంది. పలకల్లో నీటిపొర పలచగా ఉండేదీ అందుకే. నీళ్లు చిక్కబడ్డాక నాచును వేరుచేస్తారు.

కిలో ఎండు నాచు తయారవడానికి దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. మరి బరువు తగ్గిందేం? కార్బన్‌ను ఉంచుకుని, నాచు ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. అయితే ఆ నాచును ఇంధనంగా కాలిస్తే, పట్టిన కార్బన్ మళ్లీ గాల్లో కలుస్తుంది. బొగ్గుకు బదులు వాడితే మాత్రం, భూమిలోని పాత కార్బన్‌ను ఆ మేరకు కదపనక్కర్లేదు.