నిలిచిన కారులో విద్యుత్తు కరవు

వర్జీనియాలో డలెస్ విమానాశ్రయం పొరుగున ఉన్న హెర్న్‌డన్ పట్టణానికి ఆ పేరు విలియం లూయిస్ హెర్న్‌డన్ అనే నౌకాధిపతి నుండి వచ్చింది. 1857 సెప్టెంబరులో తుపానులో చిక్కుకున్న ‘సెంట్రల్ అమెరికా’ అనే ఆవిరి నౌకకు ఆయన కెప్టెన్. లోనికి చేరిన నీరు బాయిలర్ల నిప్పును ఆర్పివేసింది. నిప్పు ఆరగానే ఆ నీటిని తోడవలసిన పంపులు కూడ ఆగిపోయాయి. స్త్రీలను, పిల్లలను వేరొక ఓడలోనికి పంపి, కెప్టెన్ తన నౌకతోపాటు మునిగిపోయాడు.

యంత్రం నీరసించిన సమయానికే దాని అవసరం ఎక్కువ కావడమనే చిక్కు ఓడలకే పరిమితం కాదు. ఇంటి ముందు నిలిపి ఉన్న కారులోనూ అది ఉన్నది. హెర్న్‌డన్ నుండి రిచ్మండ్ వైపు వెళ్ళేవారందరికీ పరిచితమైన 95వ నంబరు అంతర్రాష్ట్ర రహదారిపై 2022 జనవరి 3న మంచు విపరీతంగా కురిసి, సుమారు 40 మైళ్ళ మేర వాహనాలు స్తంభించిపోయాయి. కొందరు ఇరవైనాలుగు గంటలకు పైగా కారులలోనే గడిపారు. వర్జీనియా సెనేటర్ టిమ్ కేన్ రిచ్మండ్ నుండి వాషింగ్టన్ చేరడానికి 27 గంటలు పట్టింది. అటువంటి రాత్రి, చక్రాలు కదలకుండా ఇంజను మాత్రం మందంగా తిరుగుతున్నప్పుడు, కారులోని విద్యుత్తు ఎక్కడ నుండి వస్తుంది? ఎంత వస్తుంది?

ముందు ఖర్చు సంగతి చూద్దాం. హాలొజెన్ దీపాలకు, వెనుక దీపాలకు కలిపి సుమారు 12 ఆంపియర్లు కావాలి. వెచ్చని గాలిని విసరే పంకాకు 15 నుండి 20, వెనుక అద్దంపై మంచును కరిగించే తీగలకు మరి అంత. ఇంధన పంపు, స్పార్కు ప్లగ్గులు, కంప్యూటరు కలిసి 15 వరకు తీసుకుంటాయి. వైపర్లు, వేడి చేసే రెండు సీట్లు చేరితే మొత్తం 70 ఆంపియర్లు దాటుతుంది. ఇక జమ. ఆల్టర్నేటరుపై 130 ఆంపియర్లని ముద్రించి ఉండవచ్చును. కాని ఆ అంకె ఆల్టర్నేటరు నిమిషానికి 6,000 సార్లు తిరిగినప్పటిది. ఇంజను 700 చుట్లతో నిలకడగా ఉన్నప్పుడు ఆల్టర్నేటరు తిరిగేది 1,900 చుట్ల ప్రాంతంలోనే. అప్పుడు అది ఇవ్వగలిగేది ముద్రించినదానిలో సుమారు సగం. వేడెక్కి ఉంటే ఇంకా తక్కువ. లోటును బ్యాటరీ భరిస్తుంది, భరించగలిగినంతసేపు.

ఈ యంత్రం పనితీరు సరళమైనదే. మధ్యలో తిరిగే రోటారులో ఒక తీగచుట్ట, దానికి రెండు వైపుల నుండి చేతివేళ్ళు పెనవేసుకున్నట్లు అమర్చిన ఇనుప గోళ్ళు ఉంటాయి. చుట్టలో నాలుగైదు ఆంపియర్ల ప్రవాహం పోనిస్తే ఆ గోళ్ళు ఉత్తర, దక్షిణ ధ్రువాలవుతాయి. అవి తిరుగుతుంటే చుట్టూ కదలక ఉన్న స్టేటారు తీగలలో మూడు దశల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. ఆరు సిలికాన్ డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. చవకైన సిలికాన్ డయోడ్లు వచ్చిన తరువాతనే పాత డైనమోలకు కాలం చెల్లింది. క్రైస్లర్ సంస్థ 1960 నమూనా వేలియంట్ కారుకు ఆల్టర్నేటరును అమర్చింది.

వేగంగా తిప్పితే ఎక్కువ విద్యుత్తు రావాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. కొంతవరకే వస్తుంది. వేగంతోపాటు తీగలలో పుట్టే వోల్టేజి పెరుగుతుంది, నిజమే. కాని అదే వేగంతో పౌనఃపున్యం పెరిగి, ఆ తీగచుట్టలే ప్రవాహానికి కల్పించే అడ్డంకీ పెరుగుతుంది. రెండూ సమానంగా పెరగడం వల్ల ఒక స్థాయి దాటాక ఆంపియర్లు దాదాపు స్థిరపడతాయి. బ్యాటరీ ఏమో 14 వోల్టులకు మించనివ్వదు. ఫలితంగా హైవేపై పరుగెత్తే కారులో 80 వోల్టులను పుట్టించగల యంత్రం 14 వోల్టుల దగ్గరే కట్టుబడి ఉంటుంది. మూడవ అంతస్తు వరకు నీరెక్కించగల మోటారుకు నేలమీది తొట్టి దగ్గరే గొట్టం వదిలిపెట్టినట్లన్నమాట.

ఆ గొట్టాన్ని పైకెత్తితే? ప్రవాహం దాదాపు అంతే ఉండి, ఎత్తు పెరుగుతుంది కనుక జరిగే పని పెరుగుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డేవిడ్ పెరాల్ట్, వాహే కాలిష్కన్‌లు 2004లో ప్రచురించిన పరిశోధన సారాంశం ఇదే. ఆరు డయోడ్లలో మూడింటి స్థానంలో ట్రాన్సిస్టర్లను ఉంచి, వేగాన్ని బట్టి ఆల్టర్నేటరు తనకు అనువైన వోల్టేజి వద్ద పనిచేసేటట్లు చేశారు. మామూలు గోళ్ళ ఆల్టర్నేటరు నుండే గరిష్ఠ శక్తి రెట్టింపునకు పైగా లభించింది. ఇనుము పెంచలేదు, రాగి పెంచలేదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ లాభమంతా వేగంగా తిరిగేటప్పటిది. సాధారణ ఆల్టర్నేటరు తీగచుట్టను 14 వోల్టుల దగ్గర తక్కువ వేగానికి తగినట్లు ముందే చుడతారు. అక్కడ కొత్తగా పిండుకోవడానికి మిగిలింది స్వల్పమే. హైవేపై ఉన్న కారుకు విద్యుత్తు కరవు లేదు. కరవు నిలిచిన కారుకే. కాలువ తలాపున నీరు ఇంకొంచెం పెంచితే చివరి పొలానికి చేరుతుందన్న హామీ లేదని కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ‘అధిక సామర్థ్యం’ అని అమ్మే ఆల్టర్నేటర్లలో కొన్ని పెద్ద అంకె చూపుతూనే, నిలకడ వేగంలో పాతదానికన్నా తక్కువ ఇవ్వడానికి కారణం కూడ ఇదే: తక్కువ చుట్లతో, లావు తీగతో చుడితే గరిష్ఠ ప్రవాహం పెరుగుతుంది, విద్యుత్తు మొదలయ్యే వేగం కూడ పెరుగుతుంది. కొనేవాడు అడగవలసింది నిలకడ వేగం అంకెను.

నిలకడ వేగంలో రాబడి పెంచే మార్గాలు లేకపోలేదు. కప్పీని చిన్నది చేస్తే రోటారు వేగం పెరుగుతుంది. కాని 6,000 చుట్లు తిరిగే ఇంజనుకు మూడింతల కప్పీ నిష్పత్తి ఉంటే రోటారు 18,000 చుట్లకు చేరి బేరింగులు ప్రమాదంలో పడతాయి, చిన్న కప్పీపై బెల్టు పట్టు కూడ తగ్గుతుంది. రోటారు గోళ్ళ నడుమ శాశ్వత అయస్కాంతాలు ఇమడ్చడం, స్టేటారు గాడులలో చదరపు రాగి కడ్డీలను దట్టంగా నింపడం నిర్మాతలు చేస్తున్న పనులు. డయోడ్ల సంగతి మరొకటి. ప్రవాహం ఎప్పుడూ రెండు డయోడ్లను దాటవలసి ఉంటుంది. అక్కడ నష్టమయ్యేది సుమారు ఒకటిన్నర వోల్టు. పద్నాలుగులో ఒకటిన్నర అంటే రూపాయికి పదిపైసల పైచిలుకు సుంకం! వాటి స్థానంలో ట్రాన్సిస్టర్లు పెడితే ఆ సుంకంలో ఎక్కువ భాగం మిగులుతుంది.

వేడి గురించి ఎవరూ తగినంతగా చెప్పరు. రాగి నిరోధం ప్రతి సెల్సియస్ డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. రోటారు చుట్ట 100 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం పెరిగి, అయస్కాంతాన్ని పుట్టించే ప్రవాహమే తగ్గిపోతుంది. నిలిచిన కారులో చల్లబరచే గాలి కూడ తక్కువ. అందుచేత బయట మంచు ఉన్నప్పటికీ, ఇంజను పక్కనే గంటల తరబడి ఉన్న ఆల్టర్నేటరు బాగా వేడెక్కే ఉంటుంది.

రెగ్యులేటరును మభ్యపెట్టి వోల్టేజిని అర వోల్టు పెంచే చిట్కా ఒకటి ప్రచారంలో ఉన్నది. రసాయన శాస్త్రం దానిని మెచ్చదు. వోల్టేజి మితిమీరితే బ్యాటరీలోని నీరు ఉదజని, ఆమ్లజనులుగా విడిపోతుంది. తగినంత అందకపోయినా కీడే: సీసపు పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత విద్యుత్తు పంపినా కరగదు. పూర్తిగా నిండిన బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడ గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినదానిలోని పలుచని ఆమ్లం సున్నాకు 10 డిగ్రీల దిగువనే గడ్డకట్టగలదు. హెర్న్‌డన్ జనవరి రాత్రులకు ఆ చలి అపరిచితం కాదు. (అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వెళ్ళిన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపాన కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేస్తున్నది, అక్కడి ఎండలో బ్యాటరీకి వచ్చే కష్టాలు వేరు.)

1990లలో కారులకు 42 వోల్టుల వ్యవస్థ కావాలన్న ఉద్యమం సాగి, తరువాతి దశాబ్దం నడుమ చల్లబడింది. 48 వోల్టుల రూపంలో అది మళ్ళీ వచ్చింది. 2016లో ఆడి ఎస్‌క్యూ7 కారులో కనిపించింది. పూర్తి విద్యుత్ కారులలో ఆల్టర్నేటరే లేదు. పెద్ద బ్యాటరీ నుండి 12 వోల్టుల సరఫరాకు కన్వర్టరు ఉంటుంది. దానికి ఇంజను వేగంతో పని లేదు.

పాత పద్ధతి కారు ఉన్నవారు చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. శీతకాలానికి ముందు ఆరుబయట, ఎన్నడూ మూసిన గరాజులో కాకుండా, ఇంజను వేడెక్కాక దీపాలు, పంకా, అద్దపు తీగలు అన్నీ వేసి బ్యాటరీ కొసల వద్ద వోల్టుమీటరు పెట్టాలి. 12.6కు దిగువకు జారితే బ్యాటరీ తన నిల్వ నుండి ఇస్తున్నట్లే. అప్పుడు వెనుక అద్దపు తీగలు ఆపి చూడాలి, తరువాత సీట్లు. మంచులో చిక్కుకున్న రాత్రి వేటిని ముందు ఆపాలో ఆ క్రమం చెబుతుంది. ఇంజను తిప్పే ముందు వెనుక పొగగొట్టం చుట్టూ మంచు తొలగించడం మాత్రం అన్నిటికన్నా ముందు పని. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.