అనుబంధ క్లబ్బులు – పరదేశపు ఆటగాళ్లు

సంక్రాంతికి అమలాపురంలోని మా అక్కయ్యగారింటికి వెళ్ళినప్పుడు, మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుండి ఇంగ్లండులోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బును నడుపుతున్నాడు. ఆడటం కాదు, నడపటమే. ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే ఈ క్రీడలో బంతిని తన్నే పని మనకుండదు. ఎవరిని కొనవలెను, ఎవరికెంత జీతమివ్వవలెను, ఎవరిని ఏ స్థానంలో నిలుపవలెను – ఇవే మన పనులు. పాల్, ఆలివర్ కోలియర్ అనే ఆంగ్ల సోదరులు తయారుచేయగా 1992లో వెలువడిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’కు ఇది వారసురాలు.

మావాడు బ్రెజిల్ నుండి పద్ధెనిమిదేండ్ల కుర్రవానిని కొన్నాడు. కొన్న మరుక్షణమే వానిని బెల్జియంలోని మరొక క్లబ్బుకు పంపివేసినాడు. ఇదేమి వింత అని అడిగితే, “వీడికి వర్క్ పర్మిట్ రాదు మావయ్యా. అది మన అనుబంధ క్లబ్బు. అక్కడ కొన్నేళ్ళు ఉంచితే దారి దొరుకుతుంది” అన్నాడు. అరిసెల పళ్ళెంతో వచ్చిన మా అక్కయ్య ఈ మాట విని, “వాడి జీతం ఎవరిస్తార్రా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?” అని అడిగింది. మా బావగారు కువైటులో చాలా ఏండ్లు పనిచేసి వచ్చినవారు. రాజోలు, మలికిపురం ప్రాంతాల్లో వీసా అంటే ఏమిటో విడమరచి చెప్పవలసిన ఇల్లు అరుదు.

మేనల్లుడు జవాబు చెప్పలేదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందన్న ప్రశ్న ఆ ఆటలో రాదు.

శ్రోతలకు ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పవలెను. ఐరోపా సమాఖ్యకు వెలుపలి ఆటగాడు ఇంగ్లండులో ఆడవలెనంటే పని అనుమతి కావలెను. 2015 వరకు అమలులో ఉన్న నిబంధన ప్రకారం, అతని దేశపు జట్టు ప్రపంచంలో మొదటి డెబ్బదింటిలో ఉండవలెను. గడచిన రెండేండ్లలో ఆ జట్టు ముఖ్య పోటీలలో నూటికి డెబ్బది అయిదింట అతడు ఆడి ఉండవలెను. ఊరూ పేరూ లేని పద్ధెనిమిదేండ్లవానికి ఇది సాధ్యమా? ఇక 1995 డిసెంబరు 15న బోస్మన్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, సమాఖ్య దేశాల పౌరులు సమాఖ్యలో ఎక్కడైనా ఆడవచ్చునని తేలినది. అనగా ఏ సమాఖ్య దేశపు పాస్‌పోర్టు ఉన్నా ఇంగ్లండు తలుపు తెరచుకొనును. బెల్జియంలో విదేశీయుల సంఖ్యకు పరిమితి లేదు. కొన్నేండ్ల నివాసంతో పౌరసత్వం పొందే వీలున్నది. మన వైపు నారు ఒక మడిలో పోసి, వేళ్ళూనిన పిమ్మట మరొక చేనిలో ఊడ్చినట్లే. కాకపోతే నారుకు ఇంటిమీద బెంగ ఉండదు.

ఇది కంప్యూటరు కల్పన కాదు. బెల్జియంలోని బెవెరెన్ అనే చిన్న క్లబ్బుకు 2001 నుండి ఐవరీకోస్టు యువకులు వరుసగా వచ్చినారు. జాన్ మార్క్ గియూ అనే ఫ్రెంచి శిక్షకుడు అబిజాన్‌లో తీర్చిదిద్దిన కుర్రవాళ్ళు వారు. లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బుకు బెవెరెన్‌తో సంబంధముండెను. 2004లో బెల్జియం కప్పు తుదిపోటీకి వెళ్ళిన బెవెరెన్ జట్టులో అధికసంఖ్యాకులు ఐవరీకోస్టువారే. 2005లో ఎబూయే అక్కడినుండి ఆర్సెనల్ చేరినాడు. అదే మడిలో పెరిగిన యాయా టూరేకు మాత్రం ఆర్సెనల్ తలుపు తెరచుకొనలేదు. అతడు ఉక్రెయిన్ వెళ్ళి, చాలా చుట్టు తిరిగి, 2010లో మాంచెస్టర్ సిటీ ద్వారా ఇంగ్లండు చేరినాడు.

చైనా యువకుడు డాంగ్ ఫాంగ్‌జువో కథ నాకు మరింత జాలి గొలుపును. 2004లో అతనిని మాంచెస్టర్ యునైటెడ్ కొన్నది. పర్మిట్ రాలేదు, ఆంట్‌వెర్ప్ క్లబ్బుకు ఎరువిచ్చినారు. అక్కడ గోల్స్ బాగానే చేసినాడు. 2007లో మాంచెస్టర్ చేరి, లీగులో ఆడినది ఒకే ఒక్క ఆట. 2008లో వెడలిపోయినాడు. మూడేండ్ల నిరీక్షణకు ఫలం అంతే.

ఇప్పుడు లెక్క మారినది. సమాఖ్యను వీడిన బ్రిటన్‌లో 2021 జనవరి నుండి బెల్జియం పాస్‌పోర్టుకు విశేషమేమీ లేదు. మార్కుల పద్ధతి వచ్చినది. సాధారణంగా పదిహేను మార్కులు రావలెను. అయితే ఆడిన లీగు స్థాయిని బట్టి, ఆడిన సమయాన్ని బట్టి మార్కులు వచ్చును గనుక అనుబంధ క్లబ్బు అవసరం పోలేదు. కారణం మాత్రం మారినది. మావాని వద్ద ఉన్నది పదేండ్లనాటి కూర్పు. అందులో బ్రిటన్ ఇంకా సమాఖ్యలోనే ఉన్నది!

పెద్ద సంస్థలు నేడు అనుబంధాన్ని దాటి క్లబ్బులనే కొనుచున్నవి. బ్రెజిల్ ఆటగాడు సావిన్యోను 2022లో కొన్నది ఫ్రాన్సులోని ట్రోయ్ క్లబ్బు. దాని మొదటి జట్టులో అతడు ఒక్క ఆటైనా ఆడలేదు. నెదర్లాండ్స్‌కు, తరువాత స్పెయిన్‌లోని జిరోనాకు ఎరువు వెళ్ళి, 2024లో అదే యాజమాన్యపు మాంచెస్టర్ సిటీకి చేరినాడు.

ఇక మా అక్కయ్య ప్రశ్న. పాస్‌పోర్టు ఆటగానిదే. ఆటగాని మీది హక్కు కొన్న క్లబ్బుది. జీతంలో ఎవరి వంతెంత అన్నది రెండు క్లబ్బులు ఒడంబడికలో వ్రాసుకొందురు. ఎరువు సొమ్ము బరువు చేటన్నారు గాని, ఇక్కడ బరువు మోసేది ఎరువుగా వెళ్ళినవాడే. అందుకే ఫిఫా 2022లో కళ్ళెం వేసినది: ఎరువు గడువు ఏడాది మించరాదు, ఎరువు తెచ్చుకొన్నవాడు మరొకరికి ఎరువివ్వరాదు, ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు ముగ్గురిని మించి ఇవ్వరాదు. పద్ధెనిమిదేండ్లలోపువారిని దేశం దాటించుటకు అంతకుముందే గట్టి కట్టుబాట్లున్నవి.

జీతం ప్రశ్న మన హైదరాబాదులో కూడా తలెత్తినది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. మరుసటి ఏడాది జర్మనీలోని బొరూసియా డోర్ట్‌మండ్‌తో శిక్షణ, యువజన క్రీడాభివృద్ధి విషయాలలో ఒప్పందం చేసుకొన్నది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచినది. నైజీరియాకు చెందిన ఒగ్బెచే ఆ ఏడాది 18 గోల్స్ చేసినాడు. ఆ జట్టు ఆట చూచినవారికి తిరిగి రహీంగారి రోజులు జ్ఞప్తికి వచ్చి ఉండును. రెండేండ్లు తిరగకుండానే జీతాల బకాయిలు పేరుకొన్నవి. కొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా ఆంక్ష విధించినది. విదేశీయులు పలువురు మధ్యలోనే వెళ్ళిపోయినారు. 2023–24లో ఆ జట్టుది చివరి స్థానం. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయినది.

ఈ సంగతులన్నీ ఫోనులో మా అక్కయ్యకు చెప్పినాను. “మరి ఆ బ్రెజిల్ కుర్రాడు?” అన్నది. మేనల్లుని పిలిచి అడిగినది. ఇంకా బెల్జియంలోనే ఉన్నాడట. మొన్ననే, ఇంటికి పోతానని అర్జీ పెట్టుకొన్నాడట.