మార్చిన రేటు ఎక్కడికి పోయింది?

అల్లవరంలో ఒక కొబ్బరి కొట్టు ఉందనుకుందాం. కొట్టుకంతా కంప్యూటరు ఒక్కటే. పగలు గుమస్తా తన పేరుతో లాగిన్ అయి బిల్లులు కొడతాడు. రాత్రి షావుకారు తన పేరుతో తెరిచి లెక్క చూసుకుంటాడు. పొద్దున్నే అంబాజీపేట మార్కెట్ నుంచి ఫోనొస్తే గుమస్తా వెయ్యి పచ్చికాయల ధర మార్చి సేవ్ చేశాడు. సాయంత్రం దాకా కొత్త ధరకే బిల్లులు వచ్చాయి. రాత్రి షావుకారు తెరిస్తే తెర మీద పాత ధరే ఉంది. నువ్వు మార్చలేదని ఆయన, మార్చానండీ అని గుమస్తా. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డిస్కులో ఆ ధరల ఫైళ్లు రెండున్నాయి.

రెండో ఫైలును మనుషులెవరూ చేయలేదు, విండోస్ చేసింది. అది చెడిపోయి చేసిన పని కూడా కాదు, కావాలని చేసిన ఏర్పాటు. ఈ ఏర్పాటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఒక చిన్న ప్రశ్న వయసెంతో చూడాలి. ప్రోగ్రాము తన ఫైళ్లను ఎక్కడ పెట్టుకోవాలి?

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు దాని ముందు కూర్చునేది ఒక్కరే అన్న లెక్కతోనే చేసింది. అందులో నడిచిన డాస్‌కు యూజర్ అన్న ఊహే లేదు. కీబోర్డు మీద ఎవరి చేతులున్నా దానికి ఒకటే. మొదటి డాస్‌లో ఫోల్డర్లు కూడా లేవు, 1983లో రెండో వెర్షన్‌తో వచ్చాయి. వచ్చాక ప్రతి ప్రోగ్రామూ తనకొక ఫోల్డరు వేసుకుని ప్రోగ్రాము, సెట్టింగులు, లెక్కలు అన్నీ అందులోనే కుక్కేసింది. నిజానికి అది హాయిగా ఉండేది. ఫోల్డరు మొత్తం ఫ్లాపీలోకి ఎక్కించుకుని వేరే కంప్యూటరులో దించుకుంటే చాలు, పని నడిచేది.

యూనిక్స్ పుట్టుక వేరు. బెల్ ల్యాబ్స్‌లో ఒకే యంత్రాన్ని ఎందరో టెర్మినళ్ల మీంచి పంచుకునేవారు కాబట్టి ఏది యంత్రానిది, ఏది మనిషిది అన్న ప్రశ్న దానికి మొదటి నుంచీ ఉంది. యంత్రం మొత్తానికి చెందిన సెట్టింగులు ఎట్‌సీ అనే డైరెక్టరీలో, ఎవరి సొంతవి వారి హోమ్ డైరెక్టరీలో ఉండేవి. అక్కడా అంతా ముందుచూపుతో జరగలేదు లెండి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు జాబితాలో కనబడకపోవడం ఒక పొరపాటు వల్ల వచ్చిన లక్షణమని యూనిక్స్ మీద పనిచేసిన ప్రోగ్రామర్ రాబ్ పైక్ 2012లో రాశాడు. డైరెక్టరీకి గుర్తుగా ఉండే ఒంటి చుక్కనూ జంట చుక్కనూ దాచబోయి, పేరులో మొదటి అక్షరం ఒక్కటే చూసి వదిలేశారట. దాంతో చుక్క పెట్టుకున్న ప్రతి ఫైలూ దాక్కుంది. ప్రోగ్రాములన్నీ ఆ చాటునే తమ సెట్టింగులు దాచుకోవడం మొదలుపెట్టాయి. లినక్స్ డెస్క్‌టాపుల్లో ఆ గుంపును కాన్ఫిగ్, షేర్, క్యాష్ అని మూడు చోట్లకు సర్దమని ఒక ప్రమాణం రావడానికి 2003 దాకా పట్టింది.

విండోస్ దారి ఇంకా వంకర. తొలి వెర్షన్ల నుంచీ విన్.ఐఎన్‌ఐ అని ఒక సెట్టింగుల ఫైలు ఉండేది. ప్రోగ్రాములన్నీ అందులోనే తలా ఒక పేరా రాసుకునేవి, తీసేసిన ప్రోగ్రాముల పేరాలు కూడా అక్కడే మిగిలిపోయేవి. ఫైలు 64 కిలోబైట్లు దాటితే చివరి భాగాన్ని చదవడం విండోస్ వల్ల అయ్యేది కాదు. ఎవరి ఐఎన్‌ఐ ఫైలు వారు పెట్టుకోండన్నారు, అవి విండోస్ ఫోల్డరు నిండా పోగుపడ్డాయి. చివరికి రిజిస్ట్రీ వచ్చింది. 1993 నాటి విండోస్ ఎన్‌టీలో అది యంత్రం వాటా, మనిషి వాటా అని స్పష్టంగా రెండు కొమ్మలుగా ఉంది. సెట్టింగుల వరకు ఈ విభజన బాగుంది. ధరల పట్టిక, ఖాతాదారుల జాబితా లాంటి డేటా ఫైళ్ల సంగతి అలాగే ఉండిపోయింది.

దానికి సరైన జవాబు విండోస్ 2000తో వచ్చింది. ప్రోగ్రాము రాసే ఫైళ్లకు ముగ్గురు యజమానులుండొచ్చని మైక్రోసాఫ్ట్ అప్పుడే తేల్చి చెప్పింది. మనిషి వెంట ఏ కంప్యూటరుకైనా వెళ్లాల్సినవి ఒక రకం, ఆ మనిషివే అయినా ఈ యంత్రం దాటనక్కర్లేనివి రెండో రకం, యంత్రం వాడే అందరికీ ఉమ్మడివి మూడో రకం. మూడింటికీ మూడు ఫోల్డర్లు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఈ లెక్కలోకే రాదు. అది ప్రోగ్రాము ఉండే చోటు, ఇన్‌స్టాల్ అయ్యాక అక్కడ ఏమీ రాయకూడదు.

చెప్పింది సరే, వినిపించుకున్నదెవరు? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇళ్లలోనూ కొట్లలోనూ కూర్చున్న ప్రతివారినీ మామూలుగా అడ్మినిస్ట్రేటర్‌ను చేసేసింది. అడ్మినిస్ట్రేటర్‌కు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఏం రాసినా చెల్లుతుంది కనుక తప్పు చోట రాసిన ప్రోగ్రాములు కూడా చక్కగా నడిచాయి. ప్రోగ్రామర్ తన కంప్యూటరులో అడ్మినిస్ట్రేటరే, కొన్నవాడూ అడ్మినిస్ట్రేటరే. ఇక తప్పు బయటపడేదెక్కడ? నియమం రాసి, దాన్ని తప్పించుకునే దారి తానే తెరిచిపెట్టిన మైక్రోసాఫ్ట్‌దే ఇందులో పెద్ద వాటా.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టా ఆ దారి మూసింది. అడ్మినిస్ట్రేటర్ పేరుతో కూర్చున్నా సరే, తెర మీద అనుమతి అడిగి ఒప్పుకుంటే తప్ప ప్రోగ్రాములకు ఆ అధికారం రాదు. అలా మూయగానే ఏళ్ల తరబడి నడుస్తున్న వేలాది ప్రోగ్రాములు కూలిపోవాలి. కూలకుండా ఒక మాయ చేశారు. పాతకాలపు 32 బిట్ ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, కాదనకుండా ఆ రాతను గుట్టుగా ఆ మనిషి సొంత ఫైళ్లుండే యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డరుకు మళ్లిస్తారు. చదివేటప్పుడు మొదట అక్కడే వెతికి, లేకపోతేనే అసలు ఫైలు దగ్గరికి వెళతారు. ప్రోగ్రాముకు ఏ తేడా తెలియదు. గుమస్తా మార్చిన ధర గుమస్తా వర్చువల్‌స్టోర్‌లో పడింది. షావుకారుకు అలాంటి కాపీ లేదు కాబట్టి ఆయనకు పాత ఫైలే కనిపించింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, రాకపోవడమే అసలు చిక్కు. ఇది తాత్కాలికమనీ, ముందు ముందు తీసేస్తామనీ మైక్రోసాఫ్ట్ అప్పట్లోనే చెప్పింది. విండోస్ 11లో కూడా అది ఉంది.

ఉమ్మడి ఫైళ్ల అసలు చిరునామా కూడా విస్టాతోనే మారింది. ఎక్స్‌పీలో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ కింద ఆల్ యూజర్స్‌లో దాక్కున్న ఫోల్డరు సీ డ్రైవు మొదట్లోకి వచ్చి ప్రోగ్రామ్‌డేటా అయింది. మామూలుగా చూస్తే కనబడదు, దాచిన ఫైళ్లను చూపించమంటేనే కనిపిస్తుంది.

చాలామంది ప్రోగ్రామర్లు ఇక్కడికొచ్చి హమ్మయ్య అనుకుంటారు. ఉమ్మడి ఫోల్డరు కదా, ఇందులో పెడితే అందరూ వాడుకోవచ్చని. కానీ ప్రోగ్రామ్‌డేటా రచ్చబండ లాంటిది. దాని మీద ఎవరైనా వచ్చి చెంబు పెట్టుకోవచ్చు, ఒకరు పెట్టిన చెంబును ఇంకొకరు చూడొచ్చు, ముట్టుకోకూడదు. గుమస్తా అక్కడ ధరల ఫైలు సృష్టిస్తే దాని మీద పూర్తి హక్కు అతనికే ఉంటుంది. మామూలు యూజర్‌గా లాగిన్ అయిన రెండో గుమస్తా చదవగలడు, దిద్దలేడు. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, అడ్మినిస్ట్రేటర్ అనుమతి చేతిలో ఉండగానే, ప్రోగ్రామ్‌డేటాలో తన పేరిట ఒక ఫోల్డరు వేసి, ఉమ్మడిగా దిద్దాల్సిన ఫైళ్లకు అందరికీ రాసే హక్కు ఇవ్వాలి. ఒక్క నిమిషం పని. ఇది మరిచిపోయిన ప్రోగ్రాము తయారుచేసినవాడి కంప్యూటరులో ఎప్పుడూ బాగానే నడుస్తుంది, అక్కడ వాడేది అతనొక్కడే కదా.

అలాగని అన్నిటికీ అందరికీ హక్కులు తెరవడమూ ప్రమాదమే. 2022 ఏప్రిల్‌లో గిట్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం దీనికి మంచి ఉదాహరణ. గిట్ తన సెట్టింగుల కోసం ఉన్న ఫోల్డరు నుంచి ఒక్కో మెట్టూ పైకి వెతుక్కుంటూ పోతుంది. విండోస్‌లో సీ డ్రైవు మొదట్లో ఏ మామూలు యూజరైనా కొత్త ఫోల్డరు వేయగలడు. ఒకరు అక్కడ గిట్ ఫోల్డరు వేసి అందులో దొంగ ఆదేశం రాసి పెడితే, అదే కంప్యూటరులో మరొకరు గిట్ వాడినప్పుడు ఆ ఆదేశం రెండోవారి అధికారంతో నడిచిపోయే వీలుంది. ఫోల్డరు యజమాని వేరొకరైతే నమ్మకుండా ఆగిపోయేలా గిట్‌ను మార్చారు. ఉమ్మడి డేటాను అందరూ దిద్దొచ్చు, ప్రోగ్రామును నడిపించే సెట్టింగులను అందరూ దిద్దకూడదు. రెండింటినీ ఒకే ఫైలులో పెట్టినవాడికి ఈ తేడా పాటించే వీలే ఉండదు.

మన వ్యాపారులకు బాగా తెలిసిన ట్యాలీనే చూస్తే ఈ చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ట్యాలీ ఈఆర్‌పీ 9 రోజుల్లో సీ డ్రైవులో ట్యాలీ ఫోల్డరు, దాని లోపలే డేటా ఫోల్డరు ఉన్న కంప్యూటర్లు కొల్లలు. 2020లో వచ్చిన ట్యాలీప్రైమ్ ప్రోగ్రామును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి, లెక్కలను మామూలుగా యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డరులో పెడుతుంది. ప్రోగ్రామ్‌డేటా కాకుండా పబ్లిక్‌ను ఎంచుకోవడం తెలివైన పనే. లెక్కలు మనుషులు తెరిచి కాపీ చేసుకోవాల్సినవి, పబ్లిక్ కంటికి కనబడుతుంది. దాచిన ఫోల్డరులో ఉన్న లెక్కలను బ్యాకప్ తీయడం ఎవరికి గుర్తుంటుంది?

తెలుగువారికి ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అయితే యూనికోడ్‌కు ముందున్న పాత పద్ధతిలో అరబిక్‌కూ థాయ్‌కీ ఉన్నట్టు తెలుగుకు కోడ్ పేజీ లేదు, యూనికోడ్ ఒక్కటే ఆధారం. లోకల్ ఖాతాకు ఎవరైనా తెలుగులో పేరు పెట్టుకుంటే వారి యూజర్ ఫోల్డరు పేరు కూడా తెలుగులోనే వస్తుంది. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాము ఆ దారిని చదివితే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడతాయి. ఫైలు పేరులో ప్రశ్నార్థకం విండోస్‌కు చెల్లదు కాబట్టి ఫైలు తెరుచుకోదు. యాప్‌డేటా దారిలో మనిషి పేరు ఉంటుంది, ప్రోగ్రామ్‌డేటా దారిలో ఉండదు. అందుకని అదే ప్రోగ్రాము ఉమ్మడి ఫైలును తెరుస్తుంది, సొంత సెట్టింగుల దగ్గర బోల్తా పడుతుంది.

ఫాంట్లదీ ఇలాంటి కథే. 2018 దాకా ఫాంటు వేస్తే విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో పడి అందరికీ కనిపించేది. ఆ ఏడాది విండోస్ 10లో వచ్చిన మార్పుతో, ఊరికే ఇన్‌స్టాల్ నొక్కితే వేసినవారి సొంత ఫోల్డరులోకి వెళుతుంది. ఒకరి లాగిన్‌లో చక్కగా ఉన్న శుభలేఖ ఇంకొకరి లాగిన్‌లో వేరే అక్షరాలతో తెరుచుకుంటే కారణం ఇదే కావచ్చు. అందరి కోసం ఇన్‌స్టాల్ అనే మాట కుడి క్లిక్కులో ఉంటుంది.

ఓడలరేవులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు కొబ్బరి కొట్టుకు కొత్త బిల్లింగ్ ప్రోగ్రాము రాయబోతే, ఏ ఫోల్డరు దారినీ తన కోడ్‌లో సొంతంగా రాయకూడదు. సీ డ్రైవు ఉంటుందనీ, డాక్యుమెంట్స్ ఫలానా చోట ఉంటుందనీ అనుకోవడం ఇప్పుడు చెల్లదు. వన్‌డ్రైవ్ డాక్యుమెంట్స్‌ను తనలోకి లాక్కునే కంప్యూటర్లు బోలెడు. ఉమ్మడి డేటా ఫోల్డరు ఎక్కడుందో విండోస్‌నే అడగాలి. డాట్‌నెట్‌లో కామన్ అప్లికేషన్ డేటా అని ఒక్క పేరు ఇస్తే దారి చేతికొస్తుంది. ధరలూ ఖాతాలూ అక్కడ, గుమస్తాకు నచ్చిన అక్షరాల సైజూ అతని ప్రింటరు ఎంపికా యాప్‌డేటాలో, ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో. ఇద్దరు ఒకేసారి రాయకుండా ఫైలుకు తాళం వేయడం అతని పనే, అది ఏ ఫోల్డరూ చేసిపెట్టదు. రాసింది పరీక్షించేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ కాని రెండు లాగిన్లు చేసి, ఒకదానిలో రేటు మార్చి, రెండోదానిలో తెరిచి చూడాలి.

ఇక పాత ప్రోగ్రామే వాడుతున్న షావుకారు ఈ రాత్రికి చేయగలిగింది ఒకటుంది. దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, గుమస్తా లాగిన్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ వరుసగా తెరిస్తే పొద్దున మార్చిన ధర అక్కడ దొరుకుతుంది. ఏళ్ల తరబడి మార్చిన మిగతా ధరలూ, వాటితోపాటు షావుకారు తన లాగిన్‌లో ఎన్నడూ చూడని ఖాతాలూ అక్కడే ఉండొచ్చు. రెండు కాపీల్లో ఏది ఉంచాలో, ఏది కలపాలో మాత్రం విండోస్ చెప్పదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తారీఖుల వారీగా సరిచూసుకోవాల్సిందే.