నిద్రలో వీర్యం పోతోందా? భయం వద్దు, అవగాహన కావాలి

ఎదుగుతున్న కొడుకు ఉన్నట్టుండి మౌనంగా మారిపోతాడు. తన పక్కబట్టలు తనే ఉతుక్కుంటాడు. నీరసంగా ఉందంటాడు, ఎందుకని అడిగితే చెప్పడు. ఆ వయసు పిల్లలు ఇంట్లో చెప్పుకోలేక దాచుకునే భయాల్లో ఒకటి నిద్రలో వీర్యం పోవడం. దీన్ని స్వప్న స్ఖలనం అంటారు. స్వప్నదోషం అనే పేరు కూడా వాడుకలో ఉంది. పేరులో దోషం ఉన్నా ఇది దోషం కాదు, జబ్బు కూడా కాదు.

ఎందుకు జరుగుతుంది?

యుక్తవయసు వచ్చేసరికి మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. వృషణాలలో వీర్యకణాల తయారీ మొదలవుతుంది. కలలు వచ్చే నిద్రలో అంగం గట్టిపడటం సహజం. అలాంటప్పుడు ఒక్కోసారి వీర్యం దానంతటదే బయటకు వస్తుంది. కొందరికి నెలకు ఒకసారి, కొందరికి వారానికి ఒకటి రెండుసార్లు జరుగుతుంది. కొందరికి అసలు జరగదు. ఇవన్నీ మామూలే.

రక్తం తగ్గిపోతుందా?

తగ్గదు. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అని ఏడు ధాతువులు చెప్పారు. శుక్రం చివరిది కాబట్టి ఎన్నో రక్తపు బొట్లు కలిస్తే ఒక వీర్యపు బొట్టు అవుతుందనే నమ్మకం జనంలో పాతుకుపోయింది. నిజానికి వీర్యంలో ఎక్కువ భాగం కొన్ని గ్రంథులు ఊరించే ద్రవమే. ఒకసారి పోయేది మామూలుగా ఒక టీచెంచాకు మించదు. శరీరం దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది.

మరి నీరసం ఎందుకు? భయం వల్ల, నిద్ర చాలక. ఈ భయంతో వచ్చే నీరసానికీ, దిగులుకూ మానసిక వైద్యులు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు.

ఇది పాపమా?

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం 10, 11 వచనాలు చూడండి. రాత్రివేళ ఇలా జరిగినవాడు సాయంత్రం స్నానం చేసి, సూర్యాస్తమయం తర్వాత పాళెములోకి రావచ్చని మాత్రమే అక్కడ ఉంది. శిక్ష మాట లేదు. నిద్రలో తన ప్రమేయం లేకుండా జరిగినదానికి మీ పిల్లవాణ్ణి దోషిగా చూడకండి.

ఆహారం, అలవాట్లు

రాత్రి భోజనం పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించాలి. కారం, పులుపు, మసాలాలు రాత్రిపూట తగ్గించమని ఆయుర్వేదం చెబుతుంది. పెసరపప్పు, ఆకుకూరలు, మజ్జిగ, ఉసిరికాయ, పండ్లు మంచివి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. పడుకునే ముందు మూత్రవిసర్జన చేయాలి. వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. రోజూ ఆటలో, వ్యాయామంలో ఒళ్లు అలవాలి. రాత్రి సెల్‌ఫోను పక్కన పెట్టి వేళకు పడుకోవాలి. వీటివల్ల స్ఖలనం పూర్తిగా ఆగిపోతుందని చెప్పలేం. కానీ నిద్ర బాగా పడుతుంది, మనసు కుదుటపడుతుంది.

మూలికల సంగతి

అశ్వగంధ, శతావరి వంటివి సంప్రదాయంగా వాడుతున్నా, అవి స్వప్న స్ఖలనాన్ని ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదు. అశ్వగంధ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. థైరాయిడ్ మందులు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అర్హతగల ఆయుర్వేద వైద్యుణ్ణి అడగకుండా వాడకండి. గోడల మీద ప్రకటనలు చూసి పేరులేని పొడులు, భస్మాలు కొనకండి. అలాంటి వాటిలో సీసం, పాదరసం ఉండే ప్రమాదం ఉంది. లేని జబ్బుకు మందు తిని నిజమైన జబ్బు తెచ్చుకోవద్దు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

• మూత్రంలో మంట, చీము లేదా రక్తం ఉంటే
• వృషణాలలో నొప్పి, వాపు ఉంటే (హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి)
• మెలకువగా ఉన్నప్పుడు కూడా ద్రవం కారుతుంటే
• దిగులుతో తిండి, నిద్ర, చదువు మానేస్తే

మూత్రం తెల్లగా కనబడితే వీర్యమేనని అనుకోవద్దు. చాలాసార్లు అది ఫాస్ఫేటు లవణాల వల్లే. చిన్న మూత్రపరీక్షతో తెలుస్తుంది. చనిపోవాలని ఉందని పిల్లవాడు ఒక్కసారి అన్నా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురండి.

తల్లిదండ్రులకు ఒక మాట

నాన్నగానీ, మేనమామగానీ, అన్నగానీ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇది అందరికీ జరిగేదే, నాకూ జరిగింది అని చెబితే చాలు. నవ్వొద్దు, తిట్టొద్దు. పక్కబట్టల గురించి నలుగురిలో అడగొద్దు. ఎన్నో నెలలుగా మోస్తున్న బరువు ఆ ఒక్క మాటతో దిగిపోవచ్చు.