స్టాన్‌ఫర్డ్‌లో నాలుగేళ్లుంటే కప్పు ఖాయం!

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అనగానే మనవాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీలు గుర్తొస్తాయి. అక్కడి టెన్నిస్ లెక్కలు చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి. పురుషుల జట్టుకు 1966లో కోచ్‌గా వచ్చిన డిక్ గూల్డ్ 2004 దాకా కదల్లేదు. ఆ 38 సీజన్లలో అమెరికా కాలేజీల జాతీయ టోర్నీ ఎన్‌సీఏఏలో ఆయన జట్టు 17 సార్లు కప్పు కొట్టింది. కాలేజీ పురుషుల టెన్నిస్‌లో మరే కోచ్‌కూ అన్ని లేవు.

నన్నడిగితే ఆ 17 కన్నా వాటి మధ్య ఖాళీలే అసలు వింత. మొదటి కప్పు 1973లో, చివరిది 2000లో. ఈ మధ్యలో వరుసగా రెండేళ్లకు మించి ఎప్పుడూ ఉత్తచేతులతో తిరిగి రాలేదు. 75-76, 84-85, 93-94... కరువంటే ఇంతే. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు. అంటే ఆ కాలంలో చేరి, చదువయ్యేదాకా జట్టులో ఉన్న కుర్రాడెవడూ కప్పు ముట్టకుండా ఇంటికెళ్లిందే లేదు!

తమాషా ఏమిటంటే, ఎక్కువ పేరు మోసినవాళ్లు ఆ నాలుగేళ్లూ ఉండనేలేదు. జాన్ మెకన్రో 1977 వింబుల్డన్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి సెమీస్ దాకా వెళ్లాడు. అప్పటికి 18 ఏళ్లు. ఇంకొకరైతే ఇక కాలేజీ గడప తొక్కరు. అతను వచ్చి బుద్ధిగా ఫస్టియర్‌లో చేరాడు. 1978లో జట్టు కప్పుతో పాటు సింగిల్స్ టైటిల్ కూడా పట్టుకుని, ఒక్క ఏడాదితో చదువుకు నమస్కారం పెట్టేశాడు.

కవలలు బాబ్, మైక్ బ్రయాన్‌లది రెండేళ్ల కాపురం. 1998లో బాబ్ సింగిల్స్ గెలిచాడు, మైక్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు, జట్టు కప్పూ ఎత్తాడు. జట్టుకు ఆ ఏడాది 28 గెలుపులు, ఓటమి సున్నా. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ జోడీగా 16 గ్రాండ్‌స్లామ్‌లు కొట్టిన సంగతి తెలిసిందే.

అమ్మాయిలు ఇంకో మెట్టు పైనే. మహిళలకు ఎన్‌సీఏఏ పోటీలు మొదలైంది 1982లో. ఆ తొలి కప్పే స్టాన్‌ఫర్డ్‌ది. 2019 నాటికి మొత్తం 20. ఫ్రాంక్ బ్రెనన్ హయాంలో పది, తర్వాత కోచ్ అయిన లీలీ ఫొరూడ్ హయాంలో పది. ఎవరో కూర్చుని పంచిపెట్టినట్టు! ఫొరూడ్ ఒకప్పుడు అక్కడి విద్యార్థినే. 2012 ఎన్‌సీఏఏ సింగిల్స్ ఫైనల్లో స్టాన్‌ఫర్డ్ అమ్మాయి నికోల్ గిబ్స్‌కు ఎదురు నిలిచింది సొంత జట్టు అమ్మాయి మలరీ బర్డెట్. తొలి సెట్ పోయినా గిబ్స్ నెగ్గింది. అదే టోర్నీలో ఇద్దరూ కలిసి డబుల్స్ టైటిల్ కూడా తెచ్చేశారు.

మన వాటా కూడా ఉందండోయ్. నెల్లూరు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన దంపతుల కొడుకు నిషేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. మరుసటి నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తొలి రౌండ్‌లోనే జొకోవిచ్ తగిలాడు. 19 ఏళ్ల కుర్రాడు బెదరకుండా మొదటి సెట్ 6-4తో లాగేసుకున్నాడు. తర్వాతి మూడూ జొకోవిచ్‌వే అనుకోండి.