కొండలేని సీమకు తంతిలేని వార్త

ముక్తేశ్వరపు రేవున నిలిచి చూచువారికి ఎదుట గౌతమియు, ఆవలి యొడ్డున కోటిపల్లియు, వెనుక కొబ్బరితోటలును గానవచ్చునే కాని, కొండ యొక్కటియు గానరాదు. వార్తను గాలిలో బంపు మైక్రోవేవ్ రిలే కేంద్రములో, తరచుగా కొండశిఖరములపైననే వెలసినవి. ఇట్టి పల్లపు సీమకు ఆ విద్యతో నేమి పనియని కొందరు శంకింపవచ్చును. ఆ విద్య మనకే మిక్కిలి యావశ్యకమని మా యభిప్రాయము.

దీని మూలపురుషులలో అగ్రగణ్యుడు భారతీయుడే. 1895లో కలకత్తా పురమందిరమున జగదీశచంద్ర బోసుగారు అతిహ్రస్వములగు విద్యుత్తరంగములను గోడలగుండ బంపి, దూరమందలి గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చిరి. తగిన ప్రయోగశాలయైన లేని స్థితిలో మిల్లీమీటర్లతో గొలువదగిన తరంగములను సాధించిన ఘనత వారిది. ఫలమును మాత్రము పరదేశములు ముందుగా ననుభవించినవి. 1931లో డోవరు, కెలే పట్టణముల నడుమ సముద్రముపై సంభాషణ జరిగెను. 1951లో న్యూయార్కు మొదలు శాన్‌ఫ్రాన్సిస్కో వరకు 107 కేంద్రముల వరుస టెలిఫోను మాటలను మోసికొనిపోయెను. స్వతంత్ర భారతమున తంతి తపాలా శాఖవారు పిమ్మట నీ మార్గమునే త్రొక్కిరి.

ఈ తరంగములు దీపకాంతివలె ఋజుమార్గమున బోవును. భూమి గుండ్రనిది గావున 100 మీటర్ల గోపురమునకు సుమారు 40 కిలోమీటర్లకు ఆవలి నేల మరుగుపడును. అందుచే ఒక కేంద్రము పంపినదానిని వేరొకటి అందుకొని, బలపరచి, ముందునకు బంపవలయును. కొండయున్నచోట ప్రకృతియే పీఠమొసగును. డెల్టాలో ఆ పీఠమును మనమే యుక్కుతో గట్టుకొనవలయును.

ఏల కట్టుకొనవలయుననగా, 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానును కోనసీమ మరువజాలదు. వేయిమందికి పైగా మృతినొందిరి. కొబ్బరిచెట్లు లక్షలకొలది కూలినవి. చెట్టు కూలినచోట స్తంభము నిలువదు. స్తంభము పడినచోట తంతి పలుకదు. వరద వచ్చినచో రేవున పంటును నిలిచిపోవును. అట్టివేళ ఏటిని వంతెన లేకయే దాటునది ఈ తరంగ మొక్కటియే.

నేడు ఆప్టికల్ ఫైబరు వార్తాభారమును అధికముగ వహించుచున్నది. మేలే. కాని అదియు నేలనంటిన తంతియే. గట్టు తెగిన దానును తెగును. కావున పాత గోపురములు పనికిమాలినవని పడగొట్టక, రెండవ త్రోవగా నిలుపుట ప్రభుత్వ ధర్మము. విద్యుత్తు పోయిననాడు నడపుటకు జనరేటరును, దానికి చాలినంత డీజిలును సిద్ధముగ నుంచవలయును. ఏటేట తుపానుల ఋతువునకు ముందే వానిని పరీక్షింపవలయును. గోపురమునకు సెంటు భూమి యిచ్చుటకు వెనుదీయు రైతుసోదరులును, ఆపన్నసమయమున తమ యింటి కేక ఆవలి యొడ్డున వినబడవలెనన్న దారి యేదియో యోచింతురు గాక.