పొట్టి అయినా పొడుగు అయినా: ఎత్తు గురించి ప్రతి ఇంటా తెలియవలసిన విషయాలు

ప్రతి సంవత్సరం బడులు తెరిచిన మొదటి వారంలోనే ప్రార్థన వరుస ఒకటి ఏర్పడుతుంది. పొట్టివారు ముందు, పొడుగువారు వెనుక. ఉపాధ్యాయునికి అది ఒక సౌకర్యం మాత్రమే. కాని పదకొండు, పన్నెండేళ్ళ వయసు పిల్లలకు తమ శరీరాన్ని గురించి లోకం చెప్పిన మొదటి తీర్పు అదే. మాలూరు తాలూకాలోని టేకల్ హోబళి వంటి సరిహద్దు ప్రాంతాలలో ఆ తీర్పు మూడు భాషలలో వినిపిస్తుంది. తెలుగులో పొట్టివాడు, కన్నడంలో కుళ్ళ, తమిళంలో కుళ్ళన్. పొడుగు పిల్ల అయితే తాటిచెట్టు, గడకర్ర, కొక్కెర. పిలిచేవారికి అది పరిహాసం. పడేవారు మాత్రం క్రమంగా మెడ వంచి నడవడం, ఆటలకు దూరంగా ఉండడం, చివరకు బడికి పోనని మారాము చేయడం వరకు పోతారు.

ఎత్తు ఎలా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో, అందులో మన చేతిలో ఉన్నది ఎంతో తెలిస్తే ఈ బాధలో చాలా భాగం తగ్గుతుంది.

ఎత్తు ఎవరి చేతిలో ఉన్నది?

ఎత్తులో అధిక భాగం తల్లిదండ్రుల నుండి వచ్చేదే. సరైన పోషణ అందిన సమాజాలలో మనిషికి మనిషికి గల ఎత్తు తేడాలలో సుమారు 80 శాతం వంశపారంపర్యమేనని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అయితే ఎత్తును నిర్ణయించే జన్యువు ఏదో ఒక్కటే లేదు. యాభై లక్షలకు పైగా మనుషుల వివరాలు పరిశీలించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఎత్తుతో సంబంధం గల జన్యుభేదాలు 12,000కు పైగా బయటపడ్డాయి. ఒకే ఇంటిలో అన్న పొడుగై తమ్ముడు పొట్టి కావడానికి కారణం ఇదే. ఇన్ని వేల భేదాలు ఒక్కొక్క బిడ్డలో ఒక్కొక్క విధంగా కలుస్తాయి. అందులో తల్లి తప్పుగాని బిడ్డ తప్పుగాని లేదు.

బిడ్డ పెద్దయ్యాక ఎంత ఎత్తు రావచ్చునో అంచనా వేయడానికి వైద్యులు ఒక సులభమైన లెక్కను వాడుతారు. తండ్రి ఎత్తును, తల్లి ఎత్తును సెంటీమీటర్లలో కూడవలెను. మగబిడ్డ అయితే దానికి 13 కలిపి, ఆడబిడ్డ అయితే 13 తీసివేసి, వచ్చినదానిని సగం చేయవలెను. ఉదాహరణకు తండ్రి 165, తల్లి 150 సెంటీమీటర్లు ఉంటే కుమారునికి 164, కుమార్తెకు 151 వస్తుంది. ఈ సంఖ్యకు ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండడం సహజమే. మన దేశంలో పెద్దవారి సగటు ఎత్తు పురుషులకు సుమారు 165, స్త్రీలకు సుమారు 152 సెంటీమీటర్లు. సినిమా తెరపై కనిపించే కథానాయకుని ఎత్తుతో కాక, ఈ సంఖ్యలతో పోల్చుకుంటే ఎందరో పిల్లలు తాము పొట్టివారమే కామని తెలుసుకొంటారు.

ఎదుగుదలకు ఒక కాలం ఉన్నది

పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. మొదటి ఏడాదిలోనే మరో 25, రెండవ ఏడాదిలో సుమారు 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆపైన యుక్తవయసు వరకు ఏటా ఐదారు సెంటీమీటర్ల చొప్పున నిదానంగా సాగుతుంది. తరువాత ఒక్కసారిగా వేగం అందుకొంటుంది. ఆ వేగం ఆడపిల్లలకు పదకొండు, పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్ళ ప్రాంతంలో అత్యధికంగా ఉంటుంది.

ఈ రెండేళ్ళ తేడాయే అనేక అపోహలకు మూలం. ఆరు, ఏడు తరగతులలో ఆడపిల్లలు మగపిల్లల కంటె పొడుగ్గా కనిపిస్తారు. ఆ వయసులో పొడుగని వెక్కిరింపు పొందిన అమ్మాయి, ఎస్సెస్సెల్సీకి వచ్చేసరికి సగటు ఎత్తులోనే నిలిచిపోవచ్చును. ఆనాడు ముందు వరుసలో నిలిచిన అబ్బాయి పీయూసీ నాటికి ఆమెను దాటిపోవచ్చును. కొన్ని కుటుంబాలలో ఎదుగుదల ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగుస్తుంది. తండ్రికో, మేనమామకో కాలేజీకి వెళ్ళిన తరువాతనే పొడవు వచ్చిందని ఇంటి పెద్దలు చెప్పుకొనే మాటలలో నిజం ఉన్నది.

ఎముకల చివర మెత్తని మృదులాస్థి పలకలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. యుక్తవయసు ముగిసేసరికి ఆ పలకలు గట్టిపడి మూసుకొంటాయి. సాధారణంగా రజస్వల అయిన రెండేళ్ళలో ఆడపిల్లల ఎత్తు దాదాపు ఆగుతుంది. మగపిల్లలకు పదహారు నుండి పద్దెనిమిదేళ్ళ మధ్య ఆగుతుంది. పలకలు మూసుకొన్న తరువాత ఏ మందూ, ఏ వ్యాయామమూ ఎముకను సాగదీయలేవు.

పళ్ళెంలో ఉన్న ఎత్తు

వంశం గీత గీస్తుంది. ఆ గీత వరకు చేర్చేది ఆహారం, నీరు, ఆరోగ్యం. పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో నెదర్లాండ్స్ యువకుల సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లే. నేడు అది సుమారు 183. ప్రపంచంలో అందరికంటె పొడగరులు వారే. దక్షిణ కొరియా స్త్రీలు ఒక్క శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగారు. జాతి మారలేదు, తిండి మారింది, రోగాలు తగ్గాయి.

మన వైపు పరిస్థితి ఇంకా దిగులు కలిగించేదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళ లోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు కర్ణాటకలో 35.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. గర్భం నుండి రెండేళ్ళు నిండే వరకు గల వెయ్యి రోజులలో కలిగిన లోటును తరువాత పూడ్చడం కష్టం. కనుక ఎత్తు గురించిన శ్రద్ధ పదవ తరగతిలో కాదు, గర్భిణి భోజనంలో మొదలు కావలెను.

ఈ ప్రాంతానికి ఒక భాగ్యం ఉన్నది. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉన్నది అందులో అతి స్వల్పం. తాతల నాటి రాగి సంగటిని నామోషీగా తలచి తెల్లన్నానికి మారిన ఇళ్ళు దీనిని గుర్తుంచుకోవలెను. అయితే ఎముకకు సున్నం ఒక్కటే చాలదు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, కాసేపు ఎండ, నిండు నిద్ర కూడా కావలెను. కోలారు జిల్లా పాడికి పేరుపొందినది. తెల్లవారక ముందే డెయిరీకి పాలు పోసే ఇంటిలో బిడ్డకు ఒక గ్లాసు మిగల్చడం మరువరాదు. బడిపిల్లలకు పాలిచ్చే క్షీరభాగ్య పథకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2013లో ప్రారంభించినది ఈ అవసరం కొరకే.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కోలారు జిల్లాలో అనేక చోట్ల లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మేలు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. దానిని మించిన నీరు ఏళ్ళ తరబడి త్రాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుస్తాయి, ఎముకలు వంగుతాయి. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కనవుతుంది. పిల్లలకు శుద్ధ నీటి ఘటకం నుండి తెచ్చిన నీరు గాని, పట్టిన వాన నీరు గాని ఇవ్వడం శ్రేయస్కరం.

పొడులు, మాత్రలు, ప్రకటనలు

"మూడు నెలలలో మూడంగుళాలు" అనే ప్రకటనలకు లొంగి కూలి డబ్బు పోగొట్టుకొన్న కుటుంబాలు లేకపోలేదు. మందుల, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనలను నిషేధించే చట్టం మన దేశంలో 1954లోనే వచ్చినది. ఏయే విషయాలలో మందును గురించి ప్రకటనలు చేయరాదో తెలిపే ఆ చట్టపు పట్టికలో మనిషి ఎత్తు కూడా ఒకటి. అనగా, ఎత్తు పెంచుతామని ప్రకటించడమే చట్ట విరుద్ధం. కడ్డీకి వేలాడడం, తాడాట, ఈత దేహానికి మంచివే. వాటివలన నడక నిటారుగా మారి మనిషి కాస్త పొడుగ్గా కనిపించవచ్చును గాని, ఎముక పెరగదు.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

పొట్టిగా ఉండడం రోగం కాదు. ఎదుగుదల ఆగిపోవడం రోగ లక్షణం కావచ్చును. నాలుగేళ్ళు దాటిన బిడ్డ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, ఆడపిల్లకు ఎనిమిదేళ్ళ లోపు, మగపిల్లవానికి తొమ్మిదేళ్ళ లోపు యుక్తవయసు లక్షణాలు కనిపించినా, ఆడపిల్లకు పదమూడేళ్ళు, మగపిల్లవానికి పద్నాలుగేళ్ళు నిండినా అవి మొదలు కాకున్నా వైద్యునికి చూపించవలెను. థైరాయిడ్ లోపం, పెరుగుదల హార్మోను లోపం, దీర్ఘకాలపు రక్తహీనత వంటివి సకాలంలో గుర్తిస్తే నయం చేయదగినవి. పలకలు మూసుకొన్న తరువాత వెళ్ళితే వైద్యుడు చేయగలిగినది తక్కువ. విపరీతమైన పొడవుతో పాటు వేళ్ళు, చేతులు మరీ సాగినట్లుండి చూపు దోషం ఉంటే గుండెను కూడా పరీక్ష చేయించడం మంచిది.

అంగనవాడిలోను, ప్రభుత్వ బడిలోను పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి ఉన్నది. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతారు. ఇక వైద్య కారణాల వలనగాని, జన్యు కారణాల వలనగాని పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అనగా నాలుగడుగుల పదంగుళాలు మించని మరుగుజ్జుతనాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించినది. అర్హులైనవారు ధ్రువపత్రం పొందడానికి సిగ్గుపడనక్కరలేదు. అది వారి హక్కు.

కొలత తప్పిన ఉద్యోగాలు

ఎత్తు నిజంగా అడ్డు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. సైన్యంలో సాధారణ సైనిక విధులకు దక్షిణ రాష్ట్రాల యువకులకు 166 సెంటీమీటర్లు, గుమాస్తా విభాగానికి 162 సెంటీమీటర్లు కావలెను. కర్ణాటక పోలీసు కానిస్టేబులుకు పురుషులకు 168, స్త్రీలకు 157, ఆంధ్రప్రదేశ్‌లో 167.6, 152.5. పరుగులో గెలిచి, కొలబద్ద వద్ద ఒక్క సెంటీమీటరుకు వెనుదిరిగిన యువకుని దుఃఖం చిన్నది కాదు. కనుక ఎస్సెస్సెల్సీ నాడే సరిగా కొలిచి చూసుకోవలెను. చెప్పులు లేకుండా, మడమలు గోడకానించి, చూపు సూటిగా నిలిపి కొలవవలెను. సాయంత్రం కంటె ఉదయం మనిషి సుమారు ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంటాడు. వెన్నుపూసల మధ్య మెత్తలు పగటి భారానికి నొక్కుకొనడమే దీనికి కారణం. కొలత అందదని ముందే తెలిస్తే రెండేళ్ళు వృథా కాక, ఎత్తుతో పనిలేని మరో దారి వెదుక్కోవచ్చును.

పేరు పెట్టినవారు, పేరు తెచ్చుకొన్నవారు

కన్నడ చలనచిత్ర నటుడు, నిర్మాత ద్వారకీశ్‌ను జనం "కుళ్ళ" అనే పిలిచారు. ఆయన ఆ మాటను దాచుకోలేదు. "కుళ్ళ ఏజెంట్ 000" (1972), "ప్రచండ కుళ్ళ" (1984) అని సినిమాల పేర్లలోనే నిలిపాడు. 2024లో ఆయన మరణించేనాటికి కర్ణాటకలో ఆ మాట ఆయన బిరుదుగా మారిపోయింది.

భద్రావతిలో పుట్టిన గుండప్ప విశ్వనాథ్ ఎత్తు సుమారు ఐదడుగుల మూడంగుళాలు. 1969లో కాన్పూరులో ఆస్ట్రేలియాపై ఆడిన మొదటి టెస్టులో మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండవ దానిలో 137. ఆపైన మొత్తం 91 టెస్టులలో 6,080 పరుగులు. టర్కీ బరువుల వీరుడు నయీమ్ సులేమానోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లే. తన బరువుకు మూడింతలు మించి ఎత్తి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచాడు. పొట్టి చేతులవారికి బరువు పైకి చేర్చవలసిన దూరం తక్కువ. లోపమని లోకం అన్నదే అక్కడ బలమైనది.

పొడుగు అమ్మాయిలకు పి.వి. సింధు ఉన్నది. తల్లిదండ్రులు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆమె ఎత్తు 179 సెంటీమీటర్లు. 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీల చివరి ఆటలో ఆమెకు ఎదురు నిలిచిన జపాను క్రీడాకారిణి నొజొమి ఒకుహర ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు మించదు. 110 నిమిషాల పోరాటం తరువాత గెలిచినది ఒకుహర. రెండేళ్ళకు బాసెల్‌లో అదే ఒకుహరపై 21–7, 21–7తో సింధు గెలిచి ప్రపంచ విజేత అయినది. ఒకామె అందుకొనే దూరంతో ఆడింది, ఒకామె కదిలే వేగంతో ఆడింది. ఇద్దరూ తమ ఎత్తుతోనే ఆడారు, ఎదుటివారి ఎత్తు కోసం ఏడ్వలేదు.

ఇంటిలో చేయవలసినది

"పొట్టివానికి పుట్టెడు బుద్ధులు" అనీ, పొడుగువాని బుద్ధి మోకాళ్ళలో ఉన్నదనీ వాడుక మాటలు ఉన్నాయి. ఎత్తుకూ బుద్ధికీ అటువంటి లంకె ఏదీ లేదు. పెళ్ళిచూపులలో వరునికంటె వధువు పొట్టిగా ఉండవలెనన్నది ఆచారమే గాని శాస్త్రం కాదు. రేపటి సంబంధం పేరు చెప్పి నేడు కూతురిని వంగి నడవమంటే ఆమె పొట్టిది కాదు, ఆమె నడుము మాత్రం నొస్తుంది.

అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వీపులు ఆనించి నిలబెట్టి పోల్చడం మానవలెను. బంధువులు పేరు పెట్టి పిలిస్తే బిడ్డ ఎదుటనే, మర్యాదగానే, అసలు పేరుతో పిలవమని చెప్పవలెను. తల్లిదండ్రులు తన పక్షాన మాట్లాడారన్న తలపు బిడ్డకు చాలాకాలం తోడుంటుంది. ఆరు నెలలకొకసారి తలుపు దిమ్మె మీద బిడ్డ ఎత్తుకు గీత గీసి, పక్కన తేదీ వ్రాయవలెను. గీతల మధ్య దూరం సరిగా ఉంటే నిశ్చింత, తగ్గితే ఆసుపత్రి. అంతకు మించి ఎత్తు గురించి ఇంటిలో చర్చ అవసరం లేదు. ఆ సమయంలో బిడ్డ ఏమి చదివినదీ, ఏ ఆట నేర్చినదీ అడగవచ్చును.